మైలుతుత్తము - నేలలోని ప్రాణము

2024 సెప్టెంబరు తొలిదినములలో నాగార్జునసాగరము ఎడమకాలువకు నడిగూడెము మండలములోని కాగిత రామచంద్రాపురము కడ గండి పడినది. కాలువ నీరు పొలములపై బడి పాఱిన తీరు ఆ ప్రాంతమువా రెవ్వరును మఱువజాలరు. అధికారులు వచ్చిరి, పత్రికలు వ్రాసినవి, కట్ట మరల పూడ్చబడినది. కంటికి కనబడు నష్టమునకు ఆలస్యముగానైనను దిక్కు కలుగును. కాని మన్ను ఉన్నచోటనే యుండి, దానిలోని ప్రాణము మాత్రము ఏటేట కొంచెము కొంచెముగా తఱిగిపోవుచున్నచో ఆ గండిని చూచువా రెవరు? పూడ్చువా రెవరు?

మేము చెప్పదలచినది రాగిమందులను గుఱించి. మైలుతుత్తము, బోర్డో మిశ్రమము, కాపర్ ఆక్సీక్లోరైడు అను పేళ్లతో మన దుకాణములలో దొరకు ఈ మందులు తెగుళ్ల నుండి పంటను కాపాడుచున్న మాట నిజము. వానిలోని రాగి ఆకుమీద నుండి నేలకు దిగి, నేలను విడిచిపోక, అందలి సూక్ష్మజీవులను బాధింపగల దన్న మాటయు నిజమే. మొదటిమాట ప్రతి రైతునకును తెలియును. రెండవమాట తెలిసినవారు కొందఱే. ఈ రెండింటిని కలిపి లెక్క చూచుకొనని వ్యవసాయము, అప్పు వ్రాసికొనక ఖర్చు పెట్టు గృహస్థుని సంసారము వంటిది.

రాగిమందు పుట్టిన కథ వినదగినది. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల యజమానులు, దారిన పోవువారు పండ్లు కోసికొనకుండ, బాటప్రక్కనున్న తీగలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చిలుకరించుచుండిరి. ఆ నీలిపూత చూచి విషమని భయపడి బాటసారులు పండ్లు ముట్టకుండిరి. 1882లో బూజుతెగులు తోటల నెల్ల మాడ్చివేయగా, బాటప్రక్క తీగలు మాత్రము పచ్చగా నిలిచినవి. వృక్షశాస్త్రజ్ఞుడగు మిలార్డే దానిని గమనించి, పరీక్షలు సలిపి, 1885లో ఈ మిశ్రమమును లోకమునకు ప్రకటించెను. ఆ నాటినుండి నేటివరకు దానిని మించిన చవుకమందు రైతునకు దొరకుట అరుదు. దొంగల కొఱకు చల్లినది తెగులును తఱిమినది, మేలే జరిగినది. కాని ఆకుమీద చల్లిన ఆ రాగి తరువాత ఏమైనదని ఆ కాలమున ఎవరును అడుగలేదు.

అడుగవలసిన ప్రశ్న అదియే. తక్కిన పురుగుమందులు, తెగులుమందులు ఎంత ఘోరమైనవైనను వానిలో పెక్కు కొన్ని నెలలకో, కొన్ని యేండ్లకో ఎండకు, నీటికి, సూక్ష్మజీవులకు లోబడి విఱిగిపోవును. రాగి అట్లు కాదు. అది మూలధాతువు, దానిని విఱుగగొట్టు శక్తి మంటికి లేదు. కొంచెము పంటతో పోవును, కొంచెము వానకు కొట్టుకొనిపోవును. తక్కినదంతయు జానెడు లోతు మంటిలోనే మట్టిరేణువులను, కుళ్లిన ఆకు అలములను అంటిపెట్టుకొని యుండును. తండ్రి చల్లిన రాగి కొడుకు దున్ను నేలలో నుండును. మనుమడు దున్ను నేలలోను ఉండును.

ఇక లెక్క చూతము. ఒక యెకరమున జానెడు లోతు పైమన్ను ఇంచుమించు 9 లక్షల కిలోలు తూగును. కావున ఎకరమునకు 1 కిలో రాగి పడినచో, మంటి పదిలక్షల పాళ్లలో రాగి ఒక పాలు పెరిగినట్లు. సామాన్యముగా సాగునేలలలో సహజముగనే 10 మొదలు 40 పాళ్ల వఱకు రాగి యుండును. మైలుతుత్తములో నాల్గవవంతు రాగి. వరిమడిలో పాకుడు పెరిగినప్పుడు ఎకరమునకు 2 కిలోల మైలుతుత్తమును ఇసుకలో కలిపి చల్లుట మన ప్రాంతమున వాడుక. అనగా అరకిలో రాగి. మిరపతోటలో లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున ఆక్సీక్లోరైడు కలిపి, ఎకరమునకు 200 లీటర్లు పిచికారీ చేసినచో 300 గ్రాముల రాగి. నాలుగు తడవలు కొట్టినచో కిలోకు మించును. బత్తాయి, నిమ్మతోటలలో గజ్జితెగులునకు నూటికొకపాలు బోర్డో మిశ్రమమును, నూఱు చెట్లకు చెట్టొకటికి 5 లీటర్ల చొప్పున కొట్టినచో, ఒక్క తడవకు కిలోంబాతిక రాగి. ఏటికి రెండు తడవలైన రెండున్నర కిలోలు. తోట ఇరువదియేండ్లు నిలిచినచో 50 కిలోలు. అదియు ఎకరమంతట సమముగా పడదు. చెట్టు నీడలో, పాదులలో, పోషకవేళ్లున్న చోటనే ఎక్కువగా రాలును.

ఒక యేటిలెక్క చూచినవారికి ఇది అల్పముగా తోచును. అల్పమే. కాని ఈ పద్దులో జమ యున్నది గాని ఖర్చు లేదు. మునగాల, నడిగూడెము, కోదాడ ప్రాంతపు మాగాణులకు 1967లో సాగరుకాలువలు పాఱుట మొదలైన పిదప అర్ధశతాబ్దికి పైగా గడచినది. చెలకలు మాగాణులైనవి, ఒక పంట పండిన చోట రెండు పంటలు పండినవి, పంటతోపాటు తెగుళ్లును, తెగుళ్లతోపాటు మందులును హెచ్చినవి. ఈ యేబది యేండ్లలో ఏ పొలమున ఎంత రాగి చేరినదో వ్రాసిపెట్టినవారు ఏ గ్రామమున నున్నారు?

నేల యనగా మన్ను మాత్రమే యని తలచువారికి ఈ మాట పట్టదు. చిటికెడు సారవంతమైన మంటిలో కోట్లకొలది జీవు లుండునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. రాలిన ఆకును, వేసిన పెంటను కుళ్లజేసి మొక్కకు అన్నముగా మార్చువి అవియే. పశువులపెంటలోని నత్రజనిని వేళ్లు పీల్చుకొనదగిన రూపమునకు తెచ్చు సూక్ష్మజీవులను 1890 ప్రాంతమున రష్యాదేశీయుడగు వినోగ్రాడ్‌స్కీ వేఱుచేసి చూపెను. కంది, పెసర, మినుము మొదలగు పప్పుజాతి మొక్కల వేళ్లపై బుడిపెలలో కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించు జీవులను 1888లో బేయిరింక్ గుర్తించెను. మన పెద్దలు ఈ పేళ్లు ఎఱుగరు. ఐనను పెసర వేసిన చేలో మఱుసటి పంట మేలుగ పండునని ఎఱుగుదురు. ఆ యెఱుకకు ఆధారము ఈ జీవుల సేవయే. ఈ పాలేళ్లకు కూలి లేదు, జీతగింజలు లేవు. వారు మడి విడిచిపోయినను మనకు తెలియదు.

రాగి వీనికి ఏమి చేయును? తెగులు బూజును చంపు విధముననే వీనిని చంపును. రాగి జీవకణములోనికి చొచ్చి, దానికి ప్రాణాధారములైన మాంసకృత్తులను పట్టుకొని పనిచేయకుండ జేయును. శత్రువు ఆకుమీద నున్నాడు, మిత్రుడు నేలలో నున్నాడు అను వివేకము రాగికి లేదు. నేలలో రాగి హెచ్చినకొలది తట్టుకొనలేని జాతులు తగ్గును. తట్టుకొనగల జాతులు వాని చోటు నాక్రమించును. కావున లెక్కించి చూచినప్పుడు జీవుల మొత్తము సంఖ్య అంతగా తగ్గకపోవచ్చును. ఊరిలో తలలు లెక్కించిన జనసంఖ్య సరిగనే యున్నను, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి లేచిపోయిన ఊరు ఎట్టిదో ఆ నేల అట్టిది. వానపాము అయితే రాగి యెక్కువైన మంటిలో నిలువనే నిలువదు.

వరిమడి సంగతి ప్రత్యేకముగా ఆలోచింపదగినది. నీరు నిలిచిన మడిలో దారములవలె పెరిగి, పిలకలను కప్పి, పైరును అణగద్రొక్కు పచ్చపాకుడు శత్రువే. కాని అదే నీటిలో నీలహరిత జాతి జీవులును గలవు. వరిపొలములలో నత్రజనిని కూర్చునవి ఇవియేనని మన దేశీయుడగు పి. కె. దే 1939లో నిరూపించెను. ఇవి చక్కగా పెరిగిన మడిలో ఎకరమునకు ఒక పంటకాలమున 8 మొదలు 12 కిలోల వఱకు నత్రజని చేరునని అంచనా. అనగా ఇంచుమించు అరబస్తా యూరియా ఉచితముగా దొరకినట్లు. యూరియా మెండుగా పోసిన మడిలో ఇవి పని తగ్గించుకొనును. ఆ మాటయు నిజమే. మైలుతుత్తము చల్లిన మడిలోనో, పచ్చపాకుడుతోపాటు ఇవియు నశించును. ఏలయన నీలహరితజీవులు రాగికి మిక్కిలి సుకుమారములు. పైమందుగా వేసిన ఎఱువు బలముచే పాకుడు పెరుగుట, పాకుడును చంపుటకు రాగి చల్లుట, రాగివలన ఉచితపు నత్రజని పోవుట, పోయినదానికై మరల యూరియా కొనుట! ఈ గానుగ చుట్టును తిరుగుచున్నది మన రైతే. నూనె మాత్రము మఱియొకరి యింటికి పోవుచున్నది.

ఇది యంతయు ఊహ యని కొట్టివేయుటకు వీలులేదు. రాగిమందునకు పుట్టినిల్లైన ఫ్రాన్సుదేశపు ప్రాత ద్రాక్షతోటలలో పదిలక్షల పాళ్లకు వందలకొలది పాళ్ల రాగి పేరుకొన్నది. ఇంగ్లండులో విస్‌బెచ్ ప్రాంతపు ఆపిలుతోటలలో రాగి పేరుకొన్న నేలలను 1961లో శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. వానపాములు లేక, రాలిన ఆకు మంటిలో కలియక, చాపవలె నేలపై పేరుకొనిపోవుట అట్టి తోటలలో కనబడినది. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున నారింజజాతి తోటల ఇసుకనేలలలో రాగి హెచ్చి, వేళ్లు దెబ్బతిని, ఇనుము అందక ఆకులు పాలిపోయిన సంగతి 1950వ దశాబ్దము నాటికే బయటపడినది. అచ్చటనే 1980వ దశాబ్దమున మిరపజాతి మొక్కలకు ఆకుమచ్చ తెగులు కలిగించు సూక్ష్మజీవి రాగిని తట్టుకొను విద్య నేర్చినట్లు తేలినది. శత్రువు కవచము తొడిగికొనగా దెబ్బ మిత్రులకే తగులుట యన్న మాట. ఐరోపా సమాజము 2019 జనవరినుండి రాగికి పరిమితి విధించినది: ఏడేండ్లలో హెక్టారునకు 28 కిలోలకు మించరాదు, అనగా మన లెక్కలో ఎకరమునకు ఏటికి 1.6 కిలోలు. బత్తాయితోటలో రెండు తడవల బోర్డో మిశ్రమము ఈ పరిమితిని దాటిపోవుచున్నదని పైలెక్క చూచిన వారందఱును గ్రహింపగలరు.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. దానిని న్యాయముగా వినవలెను. నారుకుళ్లు వచ్చి నారుమడి కూలిపోవుచున్నప్పుడు నేలలోని జీవులకొఱకు చేతులు కట్టుకొని కూర్చుండుమని రైతుతో చెప్పుట ధర్మము కాదు. రాగి మొక్కకును కొంచెము కావలెను. దాని కొఱతయు దోషమే. సున్నపుపాలు గల నల్లరేగడి నేలలో రాగి చాలవఱకు బంధింపబడి యుండి, హాని తక్కువ చేయును. సేంద్రియ వ్యవసాయమున సైతము నియమములకు లోబడి రాగిని అనుమతించుచున్నారు. ఇవి యన్నియు ఒప్పుకొనదగినవే. కాని నడిగూడెము పరిసరములలో నల్లరేగడి మాత్రమే లేదు. ఎఱ్ఱచెలకలును విరివిగా గలవు. అవి తేలికనేలలు; పెంటసారము తక్కువ. రాగిని బంధించి యుంచు శక్తి ఎక్కడ తక్కువయో అక్కడ దాని విషము ఎక్కువ. ఒకే మందు, ఒకే మోతాదు, రెండు నేలలకు రెండు ఫలితములు. ఈ భేదమును మందుడబ్బాపై అచ్చువేసినవారు లేరు, దుకాణదారుడు చెప్పడు. రాగి వలదని మేము చెప్పుటలేదు. లెక్కలేని రాగి వలదని చెప్పుచున్నాము.

ప్రభుత్వపు పరీక్షల సంగతి చూతము. 2015 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము నేల ఆరోగ్యపత్రముల పథకమును ఆరంభించినది. ఆ పత్రమున 12 అంశములు గలవు. అందులో రాగియు నొకటి. సంతోషమే. కాని ఆ పరీక్ష అడుగు ప్రశ్న యేమి? మొక్కకు అందు రాగి పదిలక్షల పాళ్లకు 0.2 కంటె తక్కువగా నున్నదా యని మాత్రమే. తక్కువైన కొఱత, కానిచో చాలినంత. చాలినదానికి మించి ఎంత యున్నదను ప్రశ్నకు ఆ పత్రమున గడి లేదు. నేలలోని జీవులు ఎట్లున్న వను ప్రశ్నకు అసలే లేదు. ఆరోగ్యపత్రమని పేరు పెట్టి ప్రాణమును గుఱించి అడుగకుండుట, నాడి చూడక మందిచ్చు వైద్యము వంటిది.

భూస్వాములకు ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. నేడు మన మాగాణులలోను తోటలలోను పెక్కింటిని సాగుచేయువాడు యజమాని కాడు, కౌలుదారుడు. ఏటేట మాఱు కౌలుపై వచ్చినవానికి ఈ యేటి పంట ముఖ్యము. ఇరువదియేండ్ల తరువాతి రాగి వాని చింత కాదు, కాజాలదు. కౌలుసొమ్ము ముందుగా చెల్లించి, అప్పు తెచ్చి మందు కొన్నవానిని మేము తప్పుపట్టము. కాని కౌలు పుచ్చుకొని పట్టణమున కూర్చున్న యజమానుడు తన యాస్తి కరగిపోవుచున్నదని ఎఱుగవలెను. గట్టు ఒక జానెడు జరిగినచో కోర్టు కెక్కువారు, గట్టులోపలి నేల సారము జరిగిపోవుచున్నను మాటాడకుండుట వింతగా నున్నది. ఒకే కౌలుదారునికి అయిదాఱేండ్లు గడువిచ్చి, పచ్చిరొట్ట వేసినందుకు కౌలులో కొంత తగ్గించినచో, ఆ తగ్గింపు దానము కాదు. తన నేలకు తాను పెట్టుకొను పెట్టుబడి.

చేయదగిన పనులు కష్టమైనవి కావు. మొదటిది, ప్రతి రైతును మందు కొన్న రసీదుతోపాటు ఏ చెక్కలో ఎన్ని కిలోల రాగి పడినదో పుస్తకమున వ్రాసికొనవలెను. రెండవది, మందుడబ్బాపై అసలు రాగి యెన్ని గ్రాములో, ఎకరమునకు ఏటికి ఎంత మించరాదో తెలుగులో పెద్దయక్షరములతో అచ్చువేయించుట ప్రభుత్వము విధింపవలెను. మూడవది, తోటలలో గజ్జి పట్టిన రెమ్మలను కత్తిరించి కాల్చిన పిమ్మటనే మందు కొట్టవలెను. నారుమడులను ఎత్తుగా పోసి మురుగునీరు నిలువకుండ చేసినచో నారుకుళ్లు సగము తగ్గును. నాల్గవది, వరిమడిలో పాకుడు కనబడగానే మైలుతుత్తమునకు పరుగెత్తక, నీరు తీసి మడిని ఆరబెట్టవలెను. భాస్వరపు ఎఱువును పైన చల్లక దుక్కిలోనే వేయవలెను. అయిదవది, జీలుగ, జనుము, పిల్లిపెసర, పశువులపెంట. ఇవి నేలలో జీవులకు ఆహారము మాత్రమే కాదు, రాగిని పట్టి బంధించు సంకెళ్లును. కోళ్లపెంట వేయువారు మాత్రము ఒకటి తెలిసికొనవలెను: కోళ్లదాణాలో రాగి కలుపుట గలదు గావున ఆ పెంటతోడను కొంత రాగి పొలమునకు చేరవచ్చును.

పరీక్షశాలలకై వేచియుండ నక్కఱలేని పరీక్ష యొకటి రైతుచేతిలోనే యున్నది. పెసర పూతకు వచ్చినప్పుడు ఒక మొక్కను మన్నుతోకూడ మెల్లగా పెల్లగించి, వేళ్లపై బుడిపెలను చూడవలెను. బుడిపెను గోటితో చీల్చినప్పుడు లోపల గులాబిరంగు కనబడినచో జీవి పనిచేయుచున్నది. బుడిపెలు లేకున్నను, ఉండియు లోపల తెల్లగానో పాలిపోయియో యున్నను, నేల ఏదో చెప్పుచున్నది. దానికి రాగియే కారణమని వెంటనే తీర్మానింపరాదు గాని, కారణము వెదకవలసి యున్నది. ఆ వెదకు బాధ్యత జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయముది, సూర్యాపేట జిల్లాలోని గడ్డిపల్లి కృషివిజ్ఞానకేంద్రముది. సాగరుకాలువ క్రింది మాగాణులలో పదింటిని, పాత నల్లగొండ జిల్లా బత్తాయి, నిమ్మతోటలలో పదింటిని, మందు ముట్టని బీళ్లలో పదింటిని ఎంచి, వాని రాగిని, వాని జీవులను ప్రక్కప్రక్కన పెట్టి కొలిచి, ఫలితమును తెలుగులో ప్రకటింపుడని మేము కోరుచున్నాము. ఇందుకు కావలసినది గొప్పధనము కాదు, సంకల్పము.

ఈ కోరిక నడిగూడెమునకు క్రొత్త కాదు. మునగాల పరగణా నలువైపుల నిజాము రాజ్యమే యున్న కాలమున, నడిగూడెపు కోటలో రాజా నాయని వేంకట రంగారావుగారు విద్యను, శాస్త్రమును పోషించిరి. వారి సంస్థానమున దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి ద్వారా శాస్త్రమును తెలుగు గృహములకు చేర్చిరి. జాతీయపతాకముతో చిరస్మరణీయులైన పింగళి వెంకయ్యగారు అదే నడిగూడెమున నుండి కంబోడియా పత్తిపై ప్రయోగములు గావించి ‘పత్తి వెంకయ్య’ యని పేరుపొందిరి. జెండా కుట్టుటకు వస్త్రము కావలెను, వస్త్రమునకు పత్తి కావలెను, పత్తికి నేల కావలెనని ఆ తరమువారికి ఒకరు చెప్పవలసిన పని లేకపోయినది. కోటలో కూర్చుండి చేనును పరీక్షించిన ఆ గ్రామము, నేడు చేను పోవుచున్నను కూర్చుండి చూచుట తగునా?

కాలువకు గండి పడిననాడు ఊరంతయు గట్టుపై నిలిచినది. నేలలోపలి గండికి చప్పుడు లేదు. అందుచేత మనమే మేలుకొని యుండవలెను. ఈ వానకారు మందు కొట్టుటకు ముందు ప్రతి రైతును, ప్రతి యజమానుడును ఒక కాగితము తీసికొని గడచిన పదియేండ్ల రాగిలెక్క వ్రాసి చూచుగాక. ఆ కాగితము చూచిన పిదప మేము చెప్పవలసిన దేమియు నుండదు.